వివరణమ్మ అడక్కూడని ప్రశ్న

ప్రభుత్వ సమాచార కార్యాలయంలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. ఆమె నడిపే పత్రిక అచ్చుకు వెళ్ళే ముందురోజు ప్రతి వారం అక్కడ ఫోన్ మోగేది. "మీ వివరణ కోసం చేశానండీ" అనేదామె. ఎత్తిన గుమాస్తా రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి, "సార్, వివరణమ్మ" అని లోపలికి కేకేసేవాడు. ఆ పేరే స్థిరపడింది. కొన్నాళ్ళకు పాఠకులూ అలాగే పిలవసాగారు. భర్త కూడా కోపమొచ్చినప్పుడు అదే వాడేవాడు.

ఆమెది నాలుగు పేజీల వారపత్రిక. భర్తకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. దుకాణం పైగదే పత్రికాఫీసు. పైకి వెళ్ళే మెట్లు దుకాణంలోంచే ఉండటం వల్ల, వార్త చెప్పడానికి వచ్చినవాళ్ళు అక్షరాల బోర్డు, అద్దాల పెట్టెలు దాటుకుని వెళ్ళాలి. కొందరు మొహమాటానికి కళ్ళు పరీక్ష చేయించుకునేవారు. "నీ ఉద్యమం వల్ల దేశానికేమో తెలీదు గానీ, నాకు మాత్రం బేరాలొస్తున్నాయి" అనేవాడు భర్త.

పెళ్ళికి ముందే ఆమె ఒక పెద్ద దినపత్రికలో ప్రూఫ్ రీడరుగా చేరింది. ఇతరులు రాసినదాంట్లో తప్పులు వెతకడం పని. ఒకసారి మంత్రి ప్రారంభించిన ఆసుపత్రి గురించిన వార్త ఆమె బల్ల మీదికి వచ్చింది. "సార్, ఇది మా వీధి చివరే ఉంది. దీనికింకా పైకప్పు పడలేదు" అంది. చీఫ్ సబ్ ఎడిటర్ తల ఎత్తకుండానే, "నీకు అప్పజెప్పింది అక్షరాలమ్మా, పైకప్పులు కాదు" అన్నాడు. ఆ తర్వాత కూడా ఆమె అక్కడే చాలాకాలం పనిచేసింది. పత్రిక యాజమాన్యం మారి, ఎన్నికల వార్తలు రాసిపెట్టినవే కవర్లలో రావడం మొదలైనప్పుడు బయటికొచ్చేసింది.

ఆమె అడిగే సంస్కరణ చిన్నది. ఓట్లు వేసిన చోటే, అదే సాయంత్రం, తలుపులు తెరిచి, జనం చూస్తుండగా లెక్కపెట్టాలి. ఉన్న పద్ధతిలో పెట్టెలకు సీళ్ళు వేసి ఒక డిపోకి తరలించేవారు. అక్కడ రోజుల తరబడి ఉంచి, మూసిన గదుల్లో లెక్కపెట్టేవారు. పోలింగు రోజున ఎవరు గెలిచేలా కనిపించినా, డిపో నుంచి మాత్రం అధికార పార్టీయే గెలిచి బయటికొచ్చేది. బస్టాండులో ఒక బల్ల వేసుకుని, ఈ ఒక్క కోరిక మీద సంతకాలు అడిగేదామె. ఆగి సంతకం పెట్టేవాళ్ళకంటే, తలదించుకుని దాటిపోయేవాళ్ళే ఎక్కువ.

ఆమె గురించి తర్వాత రాసినవాళ్ళలో చాలామంది ధైర్యవంతురాలని రాశారు. దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఆ మాట అనరు. ఆమెకు భయం. ఆ పత్రికను అచ్చువేసే ప్రెస్సాయనను పట్టపగలు రోడ్డు మీద కొట్టినప్పటినుంచి, ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు ఆనించి, తలుపు కనపడేట్టు కూర్చునేది. సంచిలో రక్తపోటు మాత్రలు, ఒక చీర, టూత్ బ్రష్ ఎప్పుడూ ఉండేవి. దుకాణానికి ఎదురుగా తెల్ల కారు ఆగి ఉన్న రోజుల్లో అన్నం లోపలికి పోయేది కాదు. ఫోన్ ఎత్తితే అవతల ఎవరో ఊపిరి పీలుస్తూ ఉండిపోయేవారు. ఆమె పెట్టేసి బాత్రూంలోకి వెళ్ళి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, సగంలో ఆపిన వాక్యం దగ్గరికి తిరిగొచ్చేది.

ఆమె పనిలో ఒక పట్టుదల ఉండేది. ఎవరి మీద రాస్తే వాళ్ళ మాట తీసుకోకుండా అచ్చు వేసేది కాదు. ఆ మాట రాబట్టడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. "అక్రమాలు జరిగాయట కదా" అని అడిగితే "అవాస్తవం" అని పెట్టేస్తారు. అందుకని, చూసినవాళ్ళకే తెలిసే ముక్క ఒకటి ప్రశ్నలో పెట్టి అడిగేది. ఏ గది, ఏ కుర్చీ, ఎవరు తలుపు తీశారు. అవతలివాడికి బొంకడానికి నోరు పెగిలేది కాదు. ఆ పద్ధతి ఎప్పుడూ విఫలం కాలేదు. ఇబ్బంది అక్కడే వచ్చింది.

ఆమె మరిది ఎన్నికల కార్యాలయంలో వ్యాన్ డ్రైవరు. పెళ్ళయి ఆమె ఆ ఇంటికి వచ్చేనాటికి బడికి పోయే పిల్లవాడు. హోంవర్కు చేయించి, తల దువ్వి పంపింది ఆమే. పెద్దయ్యాక అతనికి రాజకీయాలు పట్టలేదు. స్టీరింగు, సిగరెట్టు, ఆదివారం అన్నగారింట్లో భోజనం చాలు.

ఎన్నికలు అయిన తర్వాతి ఆదివారం భార్యతో కలిసి వచ్చాడు. అన్నం కలుపుకుంటూ తనలో తనే నవ్వుకున్నాడు.

"ఏంట్రా ఆ నవ్వు, మాక్కూడా చెప్పు" అన్నాడు అన్న.

"ఏం లేదన్నయ్యా. మొన్న పెట్టెలు ఎక్కించాక వ్యాను వెనక తలుపు గొళ్ళెం ఊడి చేతికొచ్చింది. తాడు లేదు, తీగ లేదు. పక్కన పెద్దసారేమో పోనీ, పోనీ అని ఒకటే గొడవ. ఇక నా బెల్టు తీసి తలుపుకి కట్టేశా. దారంతా ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ప్యాంటు."

"అది మీ అన్న ఇచ్చిన పాత బెల్టేగా. ఆ మాత్రం ఆగడమే గొప్ప" అంది అతని భార్య.

"సీలు ఆ పెట్టెలకి కాదు, వీడి ప్యాంటుకి వేయాల్సింది" అన్నాడు అన్న.

అందరూ నవ్వారు, వివరణమ్మ తప్ప. "ఏ పెట్టెలు?" అని అడిగింది.

"ఓట్లవి వదినా. పోలింగు మర్నాడు పొద్దున."

"డిపోకేనా?"

"ముందు ఊరవతల గోడౌనుకి. సాయంత్రం దాకా అక్కడుంచి, తర్వాత డిపోకి." అంటూనే అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది. తనేం చెప్పాడో అప్పుడు అర్థమైంది.

"వ్యానులో ఎవరెవరున్నారు?"

"నేను, సారు. అంతే. గోడౌనులో నన్ను దూరంగా నిలబెట్టి వాళ్ళే దింపుకున్నారు. బెల్టు మాత్రం గోడౌను కనపడకముందే విప్పి పెట్టేసుకున్నా. అంతమందిలో ప్యాంటు జారితే పరువేం కాను." ఈసారి ఎవరూ నవ్వలేదు. "రాస్తావా వదినా?"

"నువ్వు వద్దంటే రాయను."

అతను చాలాసేపు అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ జరిపాడు. "రాయి. నా పేరు రాకుండా చూడు."

"నీ పేరు కాదు, డ్రైవరన్న మాట కూడా ఉండదు."

మాట నిలబెట్టుకుంది. గోడౌను ఎదురుగా పంక్చర్లు వేసే మనిషిని వెతికి పట్టుకుంది. వ్యాను లోపలికి వెళ్ళడం, సాయంత్రం బయటికి రావడం అతను చూశాడు. వార్తంతా ఆ మనిషి చెప్పినదాని మీదే కట్టింది. బెల్టు ఊసు ఎక్కడా లేదు. ఆ తర్వాత, అలవాటు ప్రకారం, ఫోన్ తీసింది.

సమాచార అధికారి మర్యాదస్తుడు. అంతా విని, "ఆ రోజు ఎన్నికల ఆఫీసు నుంచి డిపోకి తప్ప ఎక్కడికీ ఏ వ్యానూ వెళ్ళలేదమ్మా. అక్కడ మీవాళ్ళు చూసింది ఏ కూరగాయల వ్యానో అయ్యుంటుంది" అన్నాడు.

"కూరగాయల వ్యాను కాదండీ. గొళ్ళెం ఊడితే తలుపు బెల్టుతో కట్టిన వ్యాను."

అనాలని అనలేదు. ఇన్నేళ్ళూ చేతికి అలవాటైన పనిముట్టు తనంతట తానే పైకి లేచింది, అంతే.  అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"బెల్టా అమ్మా?" అన్నాడు, చాలా నెమ్మదిగా. "ఒక్క నిమిషం. కలం తీసుకుంటాను. మళ్ళీ చెప్పండి."

ఆమె ఫోన్ పెట్టేసింది. వివరణ తీసుకోకుండా పెట్టేయడం అదే మొదలు. ఆ బెల్టు గురించి తెలిసినవాళ్ళు ఎన్నికల ఆఫీసులో ఇద్దరే. ఒకరు పెద్దసారు. ఆయన చెప్పుకోడు.

కిందికి దిగితే భర్త ఒక ముసలాయన కళ్ళ ముందు అద్దాలు మారుస్తున్నాడు. "ఇప్పుడు కింది వరస చదవండి" అంటూ ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ముసలాయనను రేపు రమ్మని పంపేశాడు.

"ఏమండీ, నోరు జారాను" అని, జరిగింది చెప్పింది.

"నీ నోరు జారదు" అన్నాడు. గొంతు పెంచలేదు. "నువ్వు కావాలనే అడుగుతావు. ఎదుటివాడు గుటక మింగేదాకా అడుగుతావు. ఈసారి మింగేది నా తమ్ముడు."

ముందు వాడికి చెప్పి రావాలన్నాడు.

ఫోన్ చేయడానికి లేదు, వింటారు. కళ్ళజోడు ఇవ్వడానికి వెళ్తున్నట్టు చేతిలో ఒక డబ్బా పట్టుకుని తమ్ముడింటికి నడిచాడు. తిరిగొచ్చేసరికి ఆ డబ్బా నొక్కి నొక్కి మూత విరిగిపోయి ఉంది. ఆఫీసు నుంచి మనుషులొచ్చి తీసుకుపోయారట. చెప్పులు వేసుకుంటానంటే, కార్లోనేగా, ఎందుకు అన్నారట. అతని భార్య గుమ్మంలో ఆ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉందట.

దుకాణం షట్టరు సగం దించి ఇద్దరూ లోపల కూర్చున్నారు. వార్త ఆపేద్దామన్నాడు భర్త. ఆపితే, చెప్పింది వాడేనని తేలిపోయినట్టే అంది ఆమె.

"మరి ఇంకెవరు చూసుండాలి ఆ బెల్టు?"

"వెనక వచ్చే బండిలోంచి ఎవరైనా చూడొచ్చు. బస్సులోంచి."

"ఎవరా బస్సులో?"

"నేను" అంది.

భర్త ఆమె వంక చూశాడు. కాదనలేదు. ఆమె అచ్చులో అబద్ధం రాసిన మనిషి కాదని అతనికంటే తెలిసినవాళ్ళు లేరు. అయినా కాదనలేదు.

మర్నాడు పొద్దున జీపు వచ్చింది. దిగినవాడు నవ్వుమొహంతో, "అమ్మా, సార్ రమ్మంటున్నారు. వివరణ కావాలట" అన్నాడు. ఆమె సంచి తీసుకుంది.  భర్త జీపు దాకా వచ్చి, సంచిలో మాత్రలున్నాయో లేదో తడిమి చూశాడు.

తీసుకెళ్ళిన గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు ఆగిపోయిన గడియారం. పక్కగదికీ దీనికీ మధ్య చెక్క అడ్డుగోడ. ఆమెను తలుపుకు వీపు పెట్టి కూర్చోబెట్టారు. విచారణాధికారి నడివయసు మనిషి. టీ తెప్పించి, ఆమె ముందు కూడా ఒక కప్పు పెట్టించాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

అడ్డుగోడ అవతల ఎవరో దగ్గారు. పొడిగా, రెండు విడతలుగా. చిన్నప్పుడు మరిదికి జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుని ఆమె విన్న దగ్గు అది.

"బెల్టు సంగతి మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నేనే చూశాను."

"ఎక్కణ్ణుంచి?"

"వెనక బస్సులోంచి."

"ఏ నంబరు బస్సు?"

"చూడలేదు. అటు పోతోందంటే ఎక్కాను."

"పక్కనెవరు కూర్చున్నారు?"

"ఎవరో ఆవిడ. నిద్రపోతోంది."

ప్రూఫులు దిద్దిన రోజుల్లో ఆమె ఒకటి గమనించింది. చూడకుండా రాసిన విలేకరుల వార్తల్లో అన్నీ ఉండేవి, చొక్కాల రంగులతో సహా. నిజంగా చూసొచ్చినవాళ్ళ వార్తల్లోనే అక్కడక్కడా ఖాళీలుండేవి. ఇప్పుడా ఖాళీలు వదలడమే ఆమె చేస్తున్న పని. 

"బెల్టు రంగేమిటి?" అన్నాడు అధికారి, కప్పు పైకెత్తుతూ.

గోధుమరంగు. భర్త నడుముకు ఏళ్ళ తరబడి చూసిన బెల్టు అది. మాట నాలుక మీదికి వచ్చేసింది. పళ్ళు బిగించింది. దుమ్ములో, అంత దూరం నుంచి, బస్సు అద్దంలోంచి ఎవరికి కనపడుతుంది?

"తెలీదండీ."

"రంగు తెలీదు, బెల్టని మాత్రం తెలిసింది."

"చివర బకిల్ వేలాడుతూ ఎండకి మెరిసింది."

ఆయన టీ ఒక గుటక తాగాడు. "ఆ డ్రైవరు మీ మరిదని తెలుసు కదా?"

"వాడు నా మరిదని నాకు తెలుసు. ఆ వ్యాను నడిపింది వాడని మీరు చెప్తుంటే తెలుస్తోంది."

కప్పు కింద పెట్టాడు. ఏ వ్యానూ వెళ్ళలేదన్న వాళ్ళ మాట ఆయన నోటితోనే పోయింది. వేరే రోజైతే ఆమె దాన్ని అక్కడికక్కడే పట్టుకునేది. ఆ రోజు తల దించుకుని కూర్చుంది.

"ఇదే మీ పత్రికలో రాస్తారా? నేనే చూశానని, మీ పేరుతో?"

"రాస్తాను."

"అయితే రాయండి. చదివాక నమ్ముతాను."

రాసింది. "ఈ రచయిత్రి ఆ వాహనం వెనక బస్సులో ఉండి స్వయంగా చూసింది" అన్న వాక్యం మొదటి పేజీలో వచ్చింది. పత్రిక బయటికొచ్చిన సాయంత్రమే మరిదిని వదిలిపెట్టారు. ఒంటి మీద దెబ్బల్లేవు. నిద్రపోనివ్వలేదు, అంతే. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. ఉద్యోగం ఉంచారు. అదే వ్యాను. ఇక అన్నగారింటికి రావద్దని ఆమే కబురు పెట్టింది.

ఆ వార్తకు ఆమె ఎన్నడూ చూడనంత స్పందన వచ్చింది. బస్టాండు బల్ల దగ్గర జనం నిలబడి సంతకాలు పెట్టారు. వాళ్ళ తరఫు లాయరు కోర్టుకు వెళ్ళింది. పెట్టెల తరలింపు మీద విచారణకు కోర్టు ఒక రిటైర్డు జడ్జిని వేసింది. సాక్ష్యం నిలబడితే లెక్కింపు పద్ధతి మారే అవకాశముందని లాయరు అంది. పంక్చర్ల మనిషి ఈలోగా కొట్టు మూసి ఎటో వెళ్ళిపోయాడు. మిగిలింది ఒక్క సాక్షి.

"నువ్వొచ్చి ప్రమాణం చేసి చూసింది చెప్పక్కా, చాలు" అంది లాయరు.

ఆమె ఆలోచిస్తానంది. విచారణ దగ్గరపడ్డాక ఒకరోజు పైగదిలో ఫోన్ మోగింది. సమాచార అధికారి.

"అమ్మా, ఎప్పుడూ మీరు చేస్తారు, ఈసారి నేను చేశాను. మీ వివరణ కోసం" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "ఆ రోజు ఆ టైముకి మీరు బస్టాండులో సంతకాల బల్ల దగ్గరున్న ఫోటో మా దగ్గరుంది. మిమ్మల్ని కనిపెట్టి ఉండే మా కుర్రాళ్ళు తీశారు. మీరు విచారణకి వస్తే మేము దాన్ని తేవాలి. అప్పుడు మీరు చూడలేదని తేలుతుంది. చూడకపోతే ఎవరు చెప్పారన్న ప్రశ్న మళ్ళీ వస్తుంది. మీరు రాకపోతే ఆ ఫోటోతో మాకు పనిలేదు. ఏమంటారు?"

వాళ్ళకు మొదటినుంచీ తెలుసు. రాయండి అని విచారణాధికారి ఎందుకన్నాడో ఆమెకు అప్పుడర్థమైంది. డ్రైవరును జైల్లో పెడితే ఒక డ్రైవరు పోతాడు. ఆమె చేత అబద్ధం రాయిస్తే పత్రిక, ఉద్యమం రెండూ వాళ్ళ గుప్పిట్లో ఉంటాయి.

లాయరుతో రానని చెప్పింది. కారణం చెప్పలేదు. చెబితే ఆ నిజం ఇంకొక మనిషి తలలోకి వెళ్తుంది.

"ఇన్నేళ్ళుగా నువ్వడిగింది ఇదే కదక్కా. తలుపులు తెరిచారు. ఇప్పుడు లోపలికి రానంటే జనానికి ఏం చెప్పను?"

"భయపడిందని చెప్పు."

"ఎవరికి లేదు భయం? నాకు లేదా?" లాయరు కాగితాలు సంచిలో కుక్కుకుని మెట్లు దిగింది. దుకాణంలో భర్త ఏదో అనబోతే ఆగకుండా వెళ్ళిపోయింది. వివరణమ్మ అమ్ముడుపోయిందన్న మాట బస్టాండుకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. బల్ల దగ్గర ఒకాయన తన సంతకం కొట్టేయమని అడిగాడు. కొట్టేసి చూపించింది.

విచారణ రోజు మధ్యాహ్నం మరిది వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని ఉన్నాడు. దుకాణంలో అన్నను పలకరించకుండా నేరుగా పైకి వచ్చాడు.

"వదినా, నేను వెళ్తున్నా. వ్యాను నడిపింది నేను. తలుపు కట్టింది నేను. నేను చెప్తే అయిపోతుందిగా."

"ఏం అయిపోతుంది?"

"నిజం నా దగ్గరుంది కదా."

"ఉంటే ఉంచుకో. కూర్చో."

"బస్టాండులో నిన్ను నానా మాటలూ అంటుంటే విన్నాను. నా మూలాన కదా."

"నా మూలాన. కూర్చోమన్నానా."

అతను కూర్చోలేదు. ఆమె లేచి వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది. అతను గట్టిగా నెట్టుకుని పోతే ఆపగలిగే మనిషి కాదామె.  భర్త మెట్ల మీద సగం దాకా వచ్చి ఆగిపోయాడు. తమ్ముణ్ణి పొమ్మనలేదు, వద్దనలేదు.

"దగ్గు విన్నాను రా, అక్కడ" అంది ఆమె. "అడ్డుగోడ అవతల్నుంచి. మళ్ళీ వినలేను."

అతను ఆమె వంక, తలుపు వంక చూశాడు. తర్వాత ఆమె కుర్చీలోనే కూలబడ్డాడు. భర్త కూడా పైకి వచ్చాక ముగ్గురూ ఆ గదిలో అలాగే ఉండిపోయారు. కింద ఎవరో దుకాణంలోకి వచ్చి పిలిచి పిలిచి వెళ్ళిపోయారు. వీధిలో కారు ఆగిన చప్పుడైనప్పుడల్లా మరిది తల ఎత్తేవాడు, ఆమె కిటికీ దాకా వెళ్ళి పక్కనుంచి తొంగిచూసి వచ్చేది. సాయంత్రానికి విచారణ ముగిసిందని, సాక్షులెవరూ హాజరు కానందున ఆరోపణ నిరూపణ కాలేదని రేడియో చెప్పింది. భర్త లేచి రేడియో కట్టేశాడు.

"నేను పిరికివాణ్ణా వదినా?" అన్నాడు మరిది.

"ఇంటికెళ్ళు. నీ పెళ్ళాం ఎదురుచూస్తుంటుంది."

అతను మెట్లు దిగుతుంటే పైనుంచి వంగి, గొంతు తగ్గించి మళ్ళీ పిలిచింది.

"ముందు వైపు వద్దు. వెనక సందులోంచి వెళ్ళు."